తోట తరగతి వాళ్ళు నీళ్ళ వైపు చూడరాదు

రండప్పా, రండి. ఇట్ల దగ్గరికి జరగండి. ఏయ్, ఆ పాట కట్టెయ్. గాలి కొట్టే మిషను కూడా ఆపు, నా గొంతు దాంతో పోటీ పడలేదు. బస్సు పోతుందని భయపడొద్దు, దాని టైరు నా చేతిలో ఉంది. మాట్లాడేవాళ్ళు ఆపితే చెప్పడం మొదలుపెడతాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా నా దుకాణంలోని ట్యూబులన్నీ ఒకేసారి పేలిపోవాలి.

పోయిన ఎండాకాలం ట్యూబుల కంపెనీ వాళ్ళు లక్కీ డ్రా తీశారు. మొదటి బహుమతి మోటారు సైకిలు, రెండోది ఫ్రిజ్జు, మూడోది జలదర్శిని విహార కేంద్రంలో భార్యాభర్తలకు రెండు రోజుల బస. మద్దిలేటి పంచర్ షాపుకు మూడోది తగిలింది. ఫ్రిజ్జు వచ్చినవాడు "మార్చుకుంటావా?" అని ఎగతాళి చేశాడు. నేను మా ఆవిడ మొహం చూసి, మార్చుకోనన్నాను.

మా ఆవిడ సుంకులమ్మది నేరేడుగుండ. ఆ ఊరి కోసం వెతకొద్దు, దొరకదు. నల్లచెలమ డ్యాము కట్టినప్పుడు ఊరు ఊరంతా నీళ్ళ కిందికి పోయింది. అప్పుడు ఆమెకు పదకొండేళ్ళు. వాళ్ళ ఇంటి ముందు మూడు తాటిచెట్లుండేవి. ఎండలు మండిపోయి నీళ్ళు బాగా తగ్గిన ఏడు ఆ మూడు మోడులూ మూరెడు మూరెడు పైకి తేలతాయట. చూద్దామంటే ఒడ్డు చుట్టూ విహార కేంద్రం వాళ్ళ కంచె. లోపల గది ఉన్నవాళ్ళకే దారి. పెళ్ళిచూపుల్లో ఏం మాట్లాడాలో తోచక నేను "నీకేం కావాల?" అని అడిగితే, "మా తాటిచెట్లు చూపిస్తావా?" అంది. చూపిస్తానన్నాను. ఇరవై రెండేళ్ళయింది.

డ్యాము గేట్ల దగ్గర పనిచేసేవాడొకడు పంచరుకు వచ్చి చెప్పాడు, మోడులు తేలాయని. ఎల్లుండి పైనుంచి నీళ్ళు వస్తాయి, మళ్ళీ మునుగుతాయి అని కూడా వాడే చెప్పాడు. మరునాడు పొద్దున్నే బయలుదేరాం. సుంకులమ్మ ఏ ఆఫీసుకు పోయినా కాగితాలన్నీ వెంట తెస్తుంది. రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు, వాళ్ళ నాయన పెట్టెలోని పాత కాగితాలు, అన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి చంకలో పెట్టుకుంది. "మేయ్, మనం పోయేది సరదాకే" అన్నాను. "సరదా ఇచ్చేదీ సర్కారోళ్ళే కదా, ఏం కాగితం అడుగుతారో" అంది.

విహార కేంద్రం కౌంటరులో మేనేజరు చక్రపాణి గారు కూర్చుని ఉన్నారు. ఆయన వెనకాల గోడ మీద పెద్ద చెక్క బోర్డు, దాని నిండా తుప్పుపట్టిన ఇనుప తాళంచెవులు, ఒక్కోదానికి ఒక రేకు బిళ్ళ. సుంకులమ్మ దాన్నే చూస్తోంది.

"పురాతన శోభ కొరకు అలంకరించడమైనది" అన్నారు చక్రపాణి గారు. తర్వాత మా ఇద్దరి భుజాలకు పచ్చ రిబ్బన్లు గుచ్చారు. "తమరికి పంతొమ్మిదో గది, తోట దృశ్య తరగతి. శుభ విహారం."

గది కిటికీ తీస్తే మూడు క్రోటన్ కుండీలు, ఒక విరిగిన ఉయ్యాల, ఒక బోర్డు కనిపించాయి. బోర్డు మీద 'ఇది తోట' అని రాసి ఉందట, ఎవరో చదివి చెప్పారు. నీళ్ళు భవనానికి ఆ పక్కన. సరే, నడిచిపోతే పోలా అని బయలుదేరాం. మలుపు తిరగబోతే చెవులు చిల్లులు పడేలా విజిల్ మోగింది.

"ఏమ్మా! ఆడనే ఆగు! తల తిప్పు!"

గార్డు దస్తగిరి. నీళ్ళకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఎవరి తల?" అంది సుంకులమ్మ.

"నీ తలే. పచ్చ రిబ్బను కదా, నీ చూపు కుండీల పక్కకు. ఈ పక్క చూపు నీలం రిబ్బనోళ్ళది. పచ్చ పెట్టుకుని నీళ్ళు చూస్తే దొంగచూపు కింద రాసుకుంటారు."

"చూస్తే నీళ్ళు తరుగుతాయా అప్పా?" అన్నాను నేను.

"అదంతా నాకు తెల్దు సామీ. పోయిన నెల నీళ్ళ మీద కొంగ ఎగిరొచ్చి ఆ కుండీ మీద వాలె. తోట తరగతోళ్ళు దాన్ని చూసినారు. కొంగ కాళ్ళు తడిగా ఉండె. అది తోట చూపా, నీళ్ళ చూపా అని ఇంగా మీటింగులు జరుగుతాండాయి."

"మరి నువ్వు రోజూ చూస్తాండావు కదన్నా?" అంది సుంకులమ్మ.

"నేనా? నేను నాలుగో తరగతి ఉద్యోగిని తల్లీ. నాకు గోడ చూపు. ఆరేళ్ళ నుంచి ఈ నీళ్ళకు కాపలా కాస్తాండా, ఎట్లుంటాయో ఇంతవరకూ చూడల్యా. వచ్చేపోయేటోళ్ళు చెప్తే వినడమే."

సుంకులమ్మ మొహం చిన్నబోయింది. నేను నేరుగా కౌంటరుకు పోయి, "సార్, నీళ్ళు కనపడే గదికి మార్చండి" అన్నాను.

చక్రపాణి గారు రెండు చెవులూ మూసుకున్నారు. "ఎంత మాట అనేశారు! గది ఉన్నతి అనేది అతిథికి సంస్థ అందించే ఆశ్చర్యానుభూతి. 'అతిథికి ఆశ్చర్యం కలిగినది' అని మేము రిజిస్టరులో నమోదు చేయవలె. అడిగి పుచ్చుకున్నవాడికి ఆశ్చర్యం ఎక్కడ నుండి కలుగుతుంది? కావున అడిగినవారికి ఇవ్వరాదు."

"అడక్కపోతే మాకు కావాలని మీకెట్ల తెలుస్తాది సార్?"

"తెలియకూడదు. తెలిస్తే మాకు ఆశ్చర్యం ఉండదు."

అప్పుడే తల నిండా సబ్బు నురగతో, నడుముకు తువ్వాలతో ఒక పెద్దాయన ఊడిపడ్డాడు. ఐదో నంబరు గది, ఆదోని నుంచి వచ్చిన బట్టల వ్యాపారి. తువ్వాలుకు నీలం రిబ్బను.

"ఏమయ్యా మేనేజరూ! కొళాయిలో చుక్క లేదు! కిటికీ తీస్తే సముద్రమంత నీళ్ళు, కొళాయి తిప్పితే బుస్సుమని గాలి!"

"తమరిది జల దృశ్య తరగతి" అన్నారు చక్రపాణి గారు శాంతంగా. "జల స్పర్శ గురించి తమ తరగతిలో ప్రస్తావన లేదు. విషయం పరిశీలనలో ఉన్నది."

పెద్దాయన నన్ను పక్కకు లాగాడు. "నీకు నీళ్ళ గది కావాలంటే నోరు తెరవాకు అబ్బయ్యా. నేనూ పచ్చ రిబ్బనుతోనే వచ్చినా. కౌంటరు ముందర నిలబడి నవ్వినా. అంతే. నవ్వి నవ్వి దవడలు పడిపోయేలోగా నీలం రిబ్బను ఇచ్చినారు."

సరే, నేనూ నిలబడి నవ్వాను. గంట సేపు నవ్వాను. నాకు పైన రెండు పళ్ళు లేవు, ఆ సంగతి ఆదోని పెద్దాయన లెక్కలోకి తీసుకోలేదు. గుమస్తా రిజిస్టరులో రాస్తూ పైకి చదివాడు: "పంతొమ్మిదో గది అతిథి పదకొండు గంటల నుండి పన్నెండు వరకు నవ్వినారు. కారణం తెలియరాలేదు." కంపౌండరును పిలిపించి నా నాలుక, కనురెప్పలు చూపించారు. కంపౌండరు రోగం లేదన్నాడు. రోగం లేకుండా నవ్వాడు కాబట్టి ఏదో కావాలని నవ్వినట్టే అని తేల్చారు. దాన్ని 'మౌన అభ్యర్థన' అంటారట. మౌన అభ్యర్థనకు ఒక ఫారం ఉంది.

గుమస్తా ఒక్కో ప్రశ్నా చదువుతుంటే సుంకులమ్మ జవాబు చెప్పింది. ఏడో ప్రశ్న దగ్గర అంతా ఆగిపోయింది.

"జలాశయ దృశ్యాన్ని ఇంతకు ముందు చూసియున్నారా?"

నేను మోచేత్తో పొడిచాను. చూశామంటే దొంగచూపు. చూడలేదంటే, చూడనిది కావాలని ఎట్లా అంటున్నారని తోసేస్తారు. ఏం చెప్పినా గోతిలోకే. సుంకులమ్మ నా పొడుపు పట్టించుకోలేదు.

"చూసినా సార్."

చక్రపాణి గారు లేచి నిలబడ్డారు. "ఎప్పుడు? ఎవరి డ్యూటీలో?"

మా వెనకాలే వచ్చి మూలన నిలబడ్డ దస్తగిరి "నేను విజిల్ ఊదినా సార్, ఊదినా!" అని వణికిపోయాడు.

"ఈ అన్నను ఏమీ అనొద్దు. నీళ్ళు రాకముందు చూసినా."

"నీళ్ళు లేనప్పుడు జలాశయాన్ని ఎక్కడ నుండి చూశారు?"

"లోపల నుంచి. మా ఇల్లు ఆ నీళ్ళ కిందనే ఉండాది. మా యెనుములను కట్టేసే తావు మీద ఇప్పుడు మీ పడవలు తిరుగుతాండాయి."

చక్రపాణి గారు కుర్చీలో కూలబడి ఫోను చేశారు. మధ్యాహ్నం భోజనాల వేళకు పెద్ద ఆఫీసు నుంచి ఉపసంచాలకులు పరాంకుశం గారు, ఆయన వెంట ఇంకో ఇద్దరు దిగారు. భోజనశాలలో కమిటీ కూర్చుంది. నీళ్ళ వైపు కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఎందుకంటే ఆ ఇద్దరు అధికారుల హోదాకు కొండ చూపు వరకే అనుమతి.

"అమ్మా" అన్నారు పరాంకుశం గారు, "తమరు ఎన్ని సంవత్సరములు ఆ ప్రదేశమున నివసించినారు?"

"పుట్టినకాడి నుంచి పదకొండేళ్ళు."

"అనగా పదకొండు సంవత్సరముల పాటు, నలుదిక్కులా, అడుగు నుండి ఆకాశము వరకు, ఎటువంటి రిబ్బనూ లేకుండా సంస్థ దృశ్యాన్ని అనుభవించినారు!"

"కళ్ళు తెరిస్తే అదే ఉండె సార్. మూసుకుని ఎట్ల నడచాల?"

"అప్పటికి మీ సంస్థ పుట్టల్యా కదా సార్?" అన్నాను నేను.

"సంస్థ పుట్టకపోవడం అతిథి అపరాధానికి మినహాయింపు కాజాలదు" అన్నారాయన. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడి తీర్పు చెప్పారు. సాయంత్రం నాలుగింటికల్లా మేము ఖాళీ చేసి పోవాలి. కంచె బయటికి పోయేదాకా సుంకులమ్మ కళ్ళకు గంతలు కట్టి తీసుకుపోవాలి.

 రేపు నీళ్ళొస్తాయి. మళ్ళీ అంత ఎండలు ఎప్పుడు కాసేను, నాకు మళ్ళీ లక్కీ డ్రా ఎప్పుడు తగిలేను? పెద్ద చప్పుడేదో అయింది కదా ఇప్పుడు, అది నా దుకాణంలో కాదు, పక్కోడిది. మీరు ఇటు చూడండి.

సుంకులమ్మ ఏడవలేదు. కవరు విప్పింది.

"సార్, మమ్మల్ని లేపేటప్పుడు మీ సర్కారోళ్ళే మా నాయనకు ఒక కాగితం ఇచ్చినారు. ఇది కూడా చూసి పంపండి."

పరాంకుశం గారి పక్కనున్న ముసలి అధికారి, రికార్డులు చూసే ఆయన, కళ్ళద్దాలు పైకి జరిపి చదివాడు. "నేరేడుగుండ గ్రామం, ఇంటి నంబరు రెండు బై పదిహేడు. సదరు కుటుంబమునకు ప్రస్తుత నివాసము కన్నా మెరుగైన నివాసము కల్పించబడును." ఇంకోసారి చదివాడు. మూడోసారి చదివి చెమట తుడుచుకున్నాడు.

"అయ్యా, ఇది ఉన్నతి ఉత్తర్వు. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితమే మంజూరైంది. అమలు కాలేదు."

పరాంకుశం గారు ఆ కాగితం లాక్కుని తానే ఒకసారి చదివారు.

"ఆ మెరుగైన నివాసం మీకు ఇచ్చారా అమ్మా?" అని అడిగాడు ముసలి అధికారి.

"గుట్ట మీద రేకుల షెడ్డు ఇచ్చినారు సార్. గాలికి రేకులు పోయె. ఆ పైన ఎవరూ రాల్యా."

పరాంకుశం గారి గొంతు మారిపోయింది. మంజూరైన ఉన్నతిని అమలు చేయకపోతే సంస్థ మీద మచ్చ. పైగా ఇది ఆమె అడిగింది కాదు, వాళ్ళే ఇస్తామన్నది. అడగనిది కాబట్టి నిబంధనకు అడ్డం లేదు. ఇక మిగిలింది ఒక్కటే, ఏ గది?

"నీలం రిబ్బను గది ఇచ్చేద్దాం సార్" అన్నారు చక్రపాణి గారు.

"అసంభవం. ఆ గదికి ఒకే వైపు కిటికీ. ఈమె ఇదివరకే నలుదిక్కులా చూసియున్నది. అతిథి పూర్వం అనుభవించిన దృశ్యం కన్నా తక్కువ దృశ్యం ఇచ్చుట ఉన్నతి కాదు, అవనతి."

మ్యాపు తెప్పించారు. బల్ల మీద పరిచారు. ముగ్గురూ దాని మీద పాకారు. నలుదిక్కులా నీళ్ళు కనపడే చోటు విహార కేంద్రం హద్దుల్లో ఒక్కటే తేలింది. నేరేడుగుండ, ఇంటి నంబరు రెండు బై పదిహేడు. అరవై అడుగుల లోతున.

"మంజూరు" అని సంతకం పెట్టేశారు పరాంకుశం గారు. "చక్రపాణీ, అతిథికి గది తాళంచెవి అందజేయుము."

"ఆ గదికి తాళంచెవి ఎక్కడిది సార్?"

"మీ కౌంటరు వెనకాల గోడకే ఉండాది" అంది సుంకులమ్మ.

విహార కేంద్రం కాకముందు అది డ్యాము ఆఫీసట. ఊరు ఖాళీ చేసిన రోజు ఇంటికి తాళం వేసి, చెవి అక్కడ అప్పజెప్పి వేలిముద్ర వేసి పొమ్మన్నారట. ఆ చెవులే ఈ బోర్డు మీది శోభ. గుమస్తా స్టూలెక్కి బిళ్ళలన్నీ తుడిచి తుడిచి ఒకటి పీకాడు. జానెడు పొడుగు, చివర ఒక పన్ను విరిగింది.

సుంకులమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుంది. ఆ విరిగిన చోట బొటనవేలు పెట్టి రుద్దింది. "ఇది నేను విరగ్గొట్టిందే. దీంతో బాదంకాయలు కొట్టినా. మా నాయన ఈపు మీద ఒకటి ఏసినాడు" అంది. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. నా ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె మాట్లాడకుండా అంతసేపు ఉండటం అదే మొదలు.

గుమస్తా రిజిస్టరు తీసి, నాలుక చివర తడుపుకుంటూ రాశాడు: "అతిథికి ఆశ్చర్యం కలిగినది. మాట పడిపోయినది."

తర్వాత చకచకా జరిగిపోయింది. అతిథి సామాను గది గుమ్మం దాకా చేర్చాలని రూలు. పడవ తెచ్చారు. గదికి చెందాల్సిన వస్తువులు రెండు తువ్వాళ్ళు, ఒక సబ్బు, ఒక దోమల కాయిల్, టీవీ రిమోటు, తలుపుకు తగిలించే 'దయచేసి అంతరాయం కలిగించరాదు' అట్ట, అన్నీ పడవలో పెట్టారు. సామానుకు కాపలాగా దస్తగిరిని ఎక్కించారు. చక్రపాణి గారు ఒడ్డున నిలబడి, "ఖాళీ చేయు సమయం రేపు ఉదయం పదకొండు గంటలు. గదిలో ఇనుప పొయ్యి వాడరాదు" అని అరిచారు.

ఎంత దూరం పోయామో తెలియదు. నీళ్ళ మధ్యలో మూడు నల్లటి మోడులు, పక్కపక్కన, మూరెడు మూరెడు పైకి. తలలు లేవు, మట్టలు లేవు. పడవవాడు తెడ్డు ఆపాడు. సుంకులమ్మ వంగి నడిమి చెట్టును తాకింది. దానికి చెంప ఆనించింది. పక్కకు చూస్తే దస్తగిరి ఒడ్డు వైపు మొహం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

"ఏమన్నా, ఇంగా మూసుకున్నావే?"

"నాది గోడ చూపు తల్లీ. ఈడ గోడ లేదు."

"ఇది మా ఇంటి ముంగిలి అన్నా. మా ఇంటికొచ్చినోళ్ళు యా పక్కకైనా చూడొచ్చు. తిరుగు."

దస్తగిరి మెల్లగా తిరిగాడు. కళ్ళు తెరిచాడు. చాలాసేపు చూశాడు. "ఇన్ని నీళ్ళా!" అన్నాడు. "దీనికా నేను ఆరేళ్ళు విజిల్ ఊదింది?" మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. సుంకులమ్మ ఆ అట్టను నడిమి తాటిమోడుకు తగిలించింది. కొంగొకటి వచ్చి దాని మీద వాలింది, అది ఏ తరగతిదో ఎవరూ అడగలేదు.

రాత్రి పడవలోనే గడిపి, మరునాడు పదకొండింటికి కౌంటరుకు వస్తే చక్రపాణి గారు తాళంచెవి అడిగారు. సుంకులమ్మ దాన్ని అప్పటికే రొంటిన దోపుకుంది.

"ముందు గది తనిఖీ చేయండి సార్" అంది. "గుమ్మం కాడికని నీళ్ళలోకి దించిన తువ్వాళ్ళు, రిమోటు అడుగున సరిగ్గా ఉండాయా లేదా చూసుకోండి. మళ్ళీ మేమేదో ఎత్తకపోయినామంటారు."

రూలు నిజంగానే అట్లా ఉంది. గది తనిఖీ కాకుండా ఖాళీ రాయకూడదు, ఖాళీ రాయకుండా చెవి తీసుకోకూడదు. తనిఖీ చేసేవాడికి ఈత రాదు. ఈత వచ్చినవాడికి తనిఖీ హోదా లేదు. కాబట్టి వాళ్ళ రిజిస్టరులో మా ఆవిడ ఈ రోజుకూ అక్కడే బస చేస్తోంది, చెవి మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. కావాలంటే వచ్చి చూడండి, ఏ రిబ్బనూ అక్కర్లేదు.

గుమస్తా ఆ సంగతంతా పైకి చదువుతూ రాసుకుంటున్నాడు: "రెండు బై పదిహేడు, నీటి అడుగు గది, బస కొనసాగుచున్నది." వెనకాల నుంచి ఎవరో కౌంటరు మీద దభీమని గుద్దారు. ఆదోని పెద్దాయన. అదే తువ్వాలు, తల మీద నిన్నటి సబ్బు ఎండి సున్నం కొట్టినట్టుంది.

"ఏమయ్యా మేనేజరూ, ఇదేం న్యాయం? నిన్నటి నుంచి తల మీద సబ్బు పెట్టుకుని నేను ఏడుస్తాంటే, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళుండే గది తీసకపోయి వీళ్ళకిస్తావా?"